ఒకే జంతువు గల పట్టణం

నందిమెట్ల పురపాలక సంఘం పరిధిలో పెంపుడు జంతువు ఒక్కటే ఉంది. ఇది నోటిమాట కాదు. కమిషనర్ గారు సంతకం చేసి, గుండ్రటి ముద్ర కొట్టించి, నోటీసు బోర్డుకు అంటించిన మాట. మీరు బస్సు దిగి సంత బజారు దాకా నడిచేలోగా నాలుగైదు కుక్కలు మీ సంచి వాసన చూస్తాయి. ఒక పిల్లి అడ్డం వస్తుంది. కిరాణా కొట్టు ముందు పంజరంలోంచి చిలక "ఎవరూ?" అని నిలదీస్తుంది. కంగారు పడకండి. లెక్క ప్రకారం అవన్నీ ఒకటే.

ఒకటెలా అయ్యాయో తెలియాలంటే సోమలింగాచారి సంగతి తెలియాలి.

ఆయన బొమ్మలు వేసే మనిషి. వాళ్ళ తాతలు రథాల మీదా, మండపాల పైకప్పుల మీదా దేవుళ్ళను వేసి బతికారు. ఆయన చేతికి కుంచె వచ్చేసరికి మండపాలకి టైల్స్ వచ్చాయి, కొట్ల బోర్డులకి ఫ్లెక్సీలు వచ్చాయి. కొన్నాళ్ళు లారీల వెనక నెమళ్ళు వేశాడు. ఆ లారీలు కూడా స్టిక్కర్లకి మారిపోయాక, మున్సిపల్ ఆఫీసు పక్క సందులో ఉన్న తన చిన్న కొట్టులో కూర్చుని, అడిగినవాళ్ళకి అమ్మవారి పటాలు వేసి ఇస్తూ కాలక్షేపం చేస్తున్నాడు. అలాంటి రోజుల్లో కిరాణా కొట్టు నూకరాజు తన కుక్కను గొలుసుతో లాక్కుంటూ వచ్చాడు.

"ఆచారిగారూ, మా టైగర్ పెద్దదైపోయిందండీ. రేపో మాపో అన్నట్టుంది. ఫోటో తీద్దామంటే మూతి పక్కకి తిప్పేస్తాది. మీరు చేత్తో ఓ పటం వెయ్యండి."

"నాకు దేవుళ్ళు తప్ప ఇంకోటి రాదు నూకరాజూ."

"మరి లారీల మీద నెమళ్ళు ఏశారు కదండీ?"

"అవి కుమారస్వామివనుకుని వేశాను."

"అయితే దీన్ని కాలభైరవుడిది అనేసుకోండి. అడ్డేముంది?"

అడ్డేమీ లేదని ఆచారికీ తోచింది. టైగర్‌ను గుమ్మంలో కూర్చోబెట్టి, దాని చెవి ఎటు వంగిందో, మెడ కింద మచ్చ ఎంతుందో చూసి చూసి వేశాడు. బొచ్చు మీద ఎండ పడితే వచ్చే రాగి రంగు కోసం మూడు రంగులు కలిపి పారబోసి, నాలుగోసారి కుదిరాక ఒక్కడే నవ్వుకున్నాడు. ఆ నవ్వు ఆయన ముఖం మీద చూసి చాలా కాలమైందని భార్య పేరిందేవి తర్వాత చెప్పింది.

ఆచారి ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ పటానికైనా కళ్ళు చివర. అంతవరకు బొమ్మ ముఖానికి పసుపు గుడ్డ కప్పి ఉంచుతారు. కళ్ళు పెట్టే రోజు ఆయన తలస్నానం చేసి, దీపం వెలిగించి, అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, గుడ్డ తీసి, ఊపిరి బిగబట్టి రెండు కళ్ళూ ఒక్క బిగిన దిద్దుతాడు. ఆ చెయ్యి తాతల నుంచి వచ్చిన చెయ్యి. పెద్ద చేప ఆకారపు కన్ను, మూల చెవి వైపు సాగుతుంది. నల్లగుడ్డు సగం పైరెప్ప చాటున ఉంటుంది. దాని మీద దీపం వెలుగులా ఒక తెల్లటి చుక్క. కళ్ళు తెరిచిన దేవత మొట్టమొదట మంచి వస్తువును చూడాలి కనుక ఎదురుగా ఆవుదూడనో, పళ్ళ పళ్ళేన్నో ఉంచుతారు. కుక్కకు ఏది మంచి వస్తువని పేరిందేవి కాసేపు ఆలోచించింది. చివరికి టైగర్ పటం ముందు ఒక రస్కు పట్టుకుని నిలబడింది.

నూకరాజు పటాన్ని దగ్గరగా పట్టుకుని చూశాడు. తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు.

"ఎంత దయగా చూస్తాందండీ! ఇన్నేళ్ళలో మా టైగర్ నన్ను ఒక్కసారి కూడా ఇలా చూళ్ళేదండీ."

అది నిజమే. టైగర్ ఎవరినీ అలా చూడలేదు. అలా చూసేది నందిమెట్ల అమ్మవారు.

కబురు బజారంతా పాకింది. లాయరు గారి పొమరేనియన్ వచ్చింది. మిల్లు వాళ్ళ పిల్లి వచ్చింది. దానిది దొంగచూపని ఊరంతా చెప్పుకునేవారు, పటంలో మాత్రం ముల్లోకాలనూ కాపాడేట్టు కూర్చుంది. నూకరాజు చిలక కళ్ళు మిరియపు గింజలంత ఉంటాయి. పటంలో అవి ముక్కును పక్కకి జరగమని, ముఖమంతా తామే అయ్యాయి. ఎవరూ తప్పు పట్టలేదు. తమ ఇంటి ప్రాణి ఇలా చూడాలని ప్రతివాళ్ళకీ లోపల్లోపల ఉంటుంది కాబోలు. కొందరు పటం తీసుకెళ్ళేటప్పుడు కొబ్బరికాయ కూడా కొట్టారు.

ఆచారి ఇంట్లో కూడా ఒక ప్రాణి ఉంది. దాని పేరు బెల్లం. రంగు అలాంటిదే, బుద్ధీ అలాంటిదే. వానలో తడుస్తూ కొట్టులోకి వచ్చిన వీధికుక్క మళ్ళీ బయటికి వెళ్ళలేదు. ఆయన స్టూలు కింద పడుకుని, కుంచె కింద పడితే లేచి చూసి, పనికొచ్చేది కాదని తేల్చుకుని మళ్ళీ పడుకుంటుంది. ముసలిది, పళ్ళు లేవు. టీలో నానబెడితే తప్ప రస్కు కూడా నమలలేదు. పిల్లలు లేని పేరిందేవి దాంతో రోజంతా కబుర్లు చెప్పేది. అది వినేది. ఆచారి వినేవాడు కాదు కనుక ఆ ఇంట్లో బెల్లం చాలా అవసరమైన మనిషి.

అలా సాగిపోతుండగా కమిషనర్ దక్షిణామూర్తి గారు ఒక సదస్సుకు వెళ్ళి వచ్చారు.

సదస్సుకు వెళ్ళిన అధికారి ఊరికే తిరిగి రాడు. కంటిపాపను మించిన గుర్తు సృష్టిలో లేదనీ, ఏ రెండు ప్రాణుల కళ్ళూ ఒకలా ఉండవనీ ఆయన అక్కడ విన్నారు. వచ్చీ రాగానే సిబ్బందిని సమావేశపరిచారు.

"పెంపుడు జంతువు పౌరుడి బాధ్యత. బాధ్యతకు గుర్తింపు అవసరం. గుర్తింపుకు కన్ను ఆధారం. కనుక నేత్రాధారిత జంతు గుర్తింపు పథకం తక్షణం అమల్లోకి వస్తుంది" అన్నారు కమిషనర్ గారు.

"ఫోటోలు తీయించమంటారా సార్?" అని అడిగాడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఆదివిష్ణు.

"ఫోటో క్షణికం ఆదివిష్ణూ. చిత్రం శాశ్వతం. పైగా స్థానిక కళలను ప్రోత్సహించాలని మనకు పైనుంచి ఆదేశాలున్నాయి. రెండు లక్ష్యాలూ ఒకే పథకంలో నెరవేరతాయి. ప్రతి జంతువుకూ చేతితో వేసిన చిత్రపటం ఆఫీసులో దాఖలు కావాలి."

అప్పటికి ఊళ్ళో చేత్తో పటం వేసే మనిషి ఒక్కడే ఉన్నాడన్నది ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినా సమావేశంలో చెప్పే అలవాటు ఎవరికీ లేదు.

ఆ రోజుల్లో ఆచారి కొట్టు ముందు జనం, గొలుసులు, బుట్టలు, పంజరాలు. పొద్దున్నే దీపం పెట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయేది. ఒకసారి పిల్లిని చూసి కుక్క, కుక్కను చూసి మేక, మేకను చూసి దాని యజమానీ పరిగెత్తారు. ఆచారికి మాత్రం పరమానందంగా ఉంది. ఒక్కో బొచ్చు ఒక్కో రంగు, ఒక్కో చెవి ఒక్కో తీరు. అన్నీ చూసేవాడు, అన్నీ వేసేవాడు. కళ్ళు మాత్రం చూసేవాడు కాదు. ఆ చోటికి పసుపు గుడ్డ కప్పేవాడు. కళ్ళు వేయడమంటే చూసి వేయడం కాదు, దణ్ణం పెట్టి వేయడం అని ఆయనకు నేర్పారు. పేరిందేవి బలవంతం మీద బెల్లం పటం కూడా వేసి, అన్నిటితో పాటు ఆఫీసుకు పంపాడు.

పటాలను పరిశీలించే బాధ్యత సీనియర్ అసిస్టెంట్ హైమవతి గారికి అప్పగించారు. ఆవిడ కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటుంది, ఆఫీసు పని కూడా అంత నిష్ఠగానే చేస్తుంది. ఒక భూతద్దం తెప్పించుకుని, వచ్చిన పటాల కళ్ళన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. అద్దం తుడిచి చూసింది. ఆ తర్వాత పటాలన్నీ ఎత్తుకుని కమిషనర్ గారి గదికి వెళ్ళింది.

"సార్, ఇవన్నీ ఒకటే కళ్ళండీ."

కమిషనర్ గారు తల ఎత్తలేదు. ఆయన ఎప్పుడూ ఎత్తరు. ఎదుటివాళ్ళతో మాట్లాడేటప్పుడు కూడా చూపు ఫైలు మీదే ఉంటుంది. "ఒకేలా ఉన్నాయా, ఒకటేనా? స్పష్టంగా చెప్పండి."

"వెంట్రుకవాసి తేడా లేదండీ. ఆ తెల్ల చుక్కతో సహా."

ఆదివిష్ణు గొంతు సవరించుకున్నాడు. "ఆచారి గారు అలవాటు చొప్పున ఒకేలా వేసేసుంటారు సార్."

"అలవాటా? ధ్రువీకరించిన చిత్రకారుడు దాఖలు చేసిన చిత్రమయ్యా అది! అలవాటంటే పథకమంతా తప్పని అర్థం. పథకాన్ని కౌన్సిల్ ఆమోదించింది, పైకి నివేదిక పంపాం, అభినందన కూడా వచ్చింది. కనుక పథకం తప్పు కావడానికి వీల్లేదు. ఏ రెండు ప్రాణుల కళ్ళూ ఒకలా ఉండవన్నది శాస్త్రం. ఇక్కడ ఒకలా ఉన్నాయి. దీనివల్ల ఏం తేలుతుంది?"

ఎవరూ తేల్చలేదు. ఆయనే తేల్చారు.

"జంతువు ఒకటే."

"చిలక కూడానాండీ?" అంది హైమవతి గారు.

"కన్ను ఏమంటోంది?"

"ఒకటేనంటోందండీ."

"మరి మధ్యలో మీరెవరు?"

ఆ సాయంత్రమే నోటీసు బోర్డుకు కాగితం ఎక్కింది. నందిమెట్ల పట్టణంలో వివిధ రూపాలలో, వివిధ చిరునామాలలో సంచరించుచున్న పెంపుడు జంతువు ఒక్కటే అని నిర్ధారించడమైనది. ఇకపై అన్ని వ్యవహారాలలో సదరు జంతువు అని పేర్కొనవలెను.

మొదట్లో దీనివల్ల ఎవరికీ నష్టం లేకపోయింది. కుక్కల టీకాల కార్యక్రమం అరగంటలో ముగిసింది. మిల్లు వాళ్ళ పిల్లికి ఒక్క సూది వేసి, పట్టణంలో నూటికి నూరు శాతం పూర్తయిందని పైకి రాశారు. పై ఆఫీసులో అందరూ ఆశ్చర్యపోయి, ఇంత తక్కువ జంతువులున్న పట్టణం ఇంకోటి లేదని లెక్క తీసి, ఏక జంతు పట్టణమని ఒక పురస్కారం ప్రకటించారు. పురస్కారం ఇవ్వడానికి పెద్ద అధికారి వస్తారు. ఆ సభలోనే కమిషనర్ గారి చిత్రపటం కూడా, పాత కమిషనర్ల ఫోటోల వరసలో ఆవిష్కరించాలని నిశ్చయమైంది. వేసేది ఎవరో చెప్పనక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే గాంధీపేట సందులో ఒక కుక్క బిల్ కలెక్టర్ పిక్క పట్టుకుంది.

ఏ కుక్కో ఆయన చూడలేదు. చీకటి పడే వేళ, పైగా పరుగులో ఉన్నాడు. కానీ చూడాల్సిన అవసరం ఏముంది? కరిచింది సదరు జంతువు. విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగిని కరిచిన జంతువును పట్టుకుని, జిల్లా నివారణ కేంద్రానికి తరలించాలని నిబంధన. వ్యాను బయల్దేరింది. ఎక్కడికెళ్ళాలో అడిగితే, ఎక్కడైనా ఒకటేనని కమిషనర్ గారు సెలవిచ్చారు.

దగ్గర్లో ఉన్నది ఆచారి కొట్టు. వ్యాను తలుపు తీయగానే బెల్లం తోక ఊపుకుంటూ తనే ఎక్కి కూర్చుంది. ఇన్నేళ్ళకు దాన్ని ఎవరో షికారుకు పిలిచారు.

పేరిందేవి గిన్నె పట్టుకుని వచ్చేసరికి వ్యాను సందు మలుపు తిరిగింది.

"ఇదేం అన్యాయవండీ ఆదివిష్ణు గారూ! దానికి నోట్లో పన్ను లేదే! చిగుళ్ళతో కరిచిందా?" అని ఆఫీసు దాకా వెళ్ళి నిలదీసింది.

ఆదివిష్ణు మంచివాడే. అందుకే నేల చూశాడు. "పళ్ళు ఇంకో రూపంలో ఉన్నాయంటున్నారమ్మా."

"నూకరాజు చిలకను పట్టుకెళ్ళరే?"

"జంతువు మా కస్టడీలో ఉన్నట్టే కదమ్మా, మళ్ళీ పట్టుకోవడానికి లేదు. సభ అవగానే వ్యాను జిల్లాకి వెళ్తుంది."

"అక్కడేం చేస్తారు?"

"నివారిస్తారమ్మా."

ఆవిడకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఇంటికొచ్చి మొగుడి ముందు కూలబడింది.

"ఏవండీ, మీ చేత్తో దానికి అమ్మవారి కళ్ళు పెట్టారు. ఆ కళ్ళే దాని ప్రాణం మీదికి వచ్చాయి. అసలు బెల్లం కళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసా? ఎప్పుడైనా చూశారా?"

ఆచారి గుర్తు చేసుకోబోయాడు. ఎడమ చెవి మీద కత్తిరింపు గుర్తుంది. తోక చివర తెల్ల వెంట్రుకలు గుర్తున్నాయి. కళ్ళు గుర్తు రాలేదు.

మర్నాడు ఆఫీసు వెనక పాత పంపు షెడ్డు దగ్గరికి వెళ్ళాడు. ఊచల్లోంచి బెల్లం మూతి బయటపెట్టింది. ఆచారి నేల మీద చతికిలబడి మొదటిసారి దాని కళ్ళలోకి చూశాడు. చిన్నవి. టీ డికాక్షన్ రంగు. కుడి కంట్లో పొగమంచులా సన్నటి పొర. రెప్పల అంచున కాటుక లాంటి నల్లని గీత, ఒకచోట చెదిరి ఉంది. ఆ కళ్ళలో ముల్లోకాలను కాపాడే దయ ఏమీ లేదు. ఇంటికి ఎప్పుడు వెళ్దామన్న ప్రశ్న ఒక్కటే ఉంది. ఆయన అమ్మవారికి ఏళ్ళ తరబడి కళ్ళు దిద్దాడు, అమ్మవారి ముందు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఇదేమిటి తల్లీ, ఇంట్లో స్టూలు కింద నువ్వు ఇంత చిన్న కళ్ళతో పడుకుని ఉంటే నాకెందుకు కనపడలేదు అనుకున్నాడు. అమ్మవారు జవాబు చెప్పలేదు. బెల్లం మాత్రం ఆయన బొటనవేలు నాకింది.

అక్కణ్నుంచి తిన్నగా కమిషనర్ గారి గదికి వెళ్ళాడు.

"తప్పు నాదండి సార్. కళ్ళు నేనే ఒకలా వేశాను. నాకు వచ్చినవి ఆ కళ్ళే. కావాలంటే అన్ని పటాలూ మళ్ళీ వేస్తాను. ఎవరి కళ్ళు వాళ్ళకి పెడతాను."

"దాఖలైన చిత్రాన్ని మార్చడానికి నిబంధన లేదు ఆచారీ" అన్నారు కమిషనర్ గారు ఫైలుతో.

"పోనీ, బెల్లం కళ్ళు ఒక్కసారి మీరే వచ్చి చూడండి సార్. పక్కనే షెడ్డు."

"చూడ్డం దేనికి? చిత్రం ఉందిగా. చిత్రానికీ జంతువుకూ తేడా ఉంటే మనం చిత్రాన్నే ప్రామాణికంగా తీసుకుంటాం. జంతువు మారుతుంది, ముసలిదవుతుంది, చస్తుంది. రికార్డు మారదు."

"మరి దాని ప్రాణం సార్?"

"పరిశీలిస్తాను. ముందు నా పటం సంగతి చూడు. సభ దగ్గర పడుతోంది."

పరిశీలిస్తాననే మాటను పట్టుకుని ఆచారి పటం మొదలుపెట్టాడు. ఈసారి ఎలాగైనా చూసే వెయ్యాలని గట్టిగా అనుకున్నాడు. గదిలో ఓ మూల కూర్చుని కమిషనర్ గారి కాలరు వేశాడు, పెన్ను వేశాడు, బట్టతల మీద ట్యూబులైటు మెరుపును ముచ్చటగా వేశాడు. కళ్ళ దగ్గర ఆగాడు.

"సార్, ఒక్కసారి ఇటు చూస్తారా?"

"ఊఁ" అన్నారు సార్. చూడలేదు.

పక్కకి జరిగి చూశాడు. కిందకి వంగి చూశాడు. ఒకసారి బల్ల కింద పెన్సిల్ పడేసుకుని, తీసుకునే వంకతో తలెత్తి చూశాడు. కనురెప్పలు కనిపించాయి. ఫైలు ఒకటి పోతే ఇంకోటి వచ్చింది. నందిమెట్లలో దక్షిణామూర్తి గారి కళ్ళు చూసిన మనిషి లేడని అటెండరు చెప్పాడు. ఆయన ఇంట్లోవాళ్ళను అడగడం మర్యాద కాదు.

సభ రోజు తెల్లవారింది. పటానికి పసుపు గుడ్డ అలాగే ఉంది. ఆచారి తలస్నానం చేసి, దీపం వెలిగించి, కుంచె పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చూడని కళ్ళను ఎలా వేస్తాడు? దణ్ణం పెట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. చెయ్యి తాతల నుంచి వచ్చిన చెయ్యి, దానికి వచ్చిన దారిలో అది వెళ్ళింది. తేరుకుని చూసుకునేసరికి కాలరు మీదుగా, పెన్ను మీదుగా అమ్మవారు దయగా చూస్తోంది.

"ఏం చూపించను ఈయనకి?" అని అడిగింది పేరిందేవి. జవాబు కోసం ఆగలేదు. వంటింట్లోకి వెళ్ళి, బెల్లం తినే ఖాళీ గిన్నె తెచ్చి పటం ముందు పట్టుకుంది. అలా దక్షిణామూర్తి గారి పటం లోకంలో మొట్టమొదట చూసిన వస్తువు అది.

ఆఫీసులోకి వచ్చే ప్రతి చిత్రపటాన్నీ పరిశీలించి ధ్రువీకరించవలెనని నిబంధన. ప్రతి జంతువు చిత్రపటాన్నీ అని రాయాల్సిన చోట తొందరలో ప్రతి చిత్రపటాన్నీ అని రాసింది కమిషనర్ గారే. హైమవతి గారు నిబంధనను నిబంధనలాగే చదువుతుంది. పటం గుమ్మం దాటగానే భూతద్దం తీసింది. ఆ తర్వాత భూతద్దం, పటం, ఆచారి, ఆదివిష్ణు అందరూ కలిసి కమిషనర్ గారి గదిలోకి వెళ్ళారు. బయట షామియానా కింద సన్నాయి మొదలైంది.

"సార్, చిన్న ఇబ్బందండీ" అంది ఆవిడ. "సదరు జంతువూ తమరూ ఒకటేనండీ."

ఫైలు మీద పెన్ను ఆగింది.

"ఏమన్నారు?"

"కన్ను అలా అంటోందండీ. వెంట్రుకవాసి తేడా లేదు. తెల్ల చుక్కతో సహా. మధ్యలో నేనెవరినండీ?"

"ఇది పొరపాటు! చిత్రకారుడి అలవాటు!"

"అలవాటంటే పథకమంతా తప్పని అర్థమని తమరే సెలవిచ్చారు కదండీ. పథకం తప్పయితే పురస్కారం కూడా..." ఆదివిష్ణు ఆ మాట పూర్తి చేయలేదు. కిటికీలోంచి కనిపిస్తున్న దండల బుట్ట వైపు చూశాడు.

"నేను ఇక్కడ కూర్చుని ఉన్నాను. అది షెడ్డులో ఉంది. ఇద్దరం ఒకటెలా అవుతామయ్యా?"

"వివిధ రూపాలలో, వివిధ చిరునామాలలో అని నోటీసులో ఉందండీ" అంది హైమవతి గారు. "రికార్డు మార్చడానికి నిబంధన లేదు. నాకింకో భయం కూడా ఉందండీ. బిల్ కలెక్టరును కరిచింది సదరు జంతువు. అంటే..."

"అంటే?"

"తమరేనండీ. ఇప్పుడు పంపు షెడ్డులో నిర్బంధంలో ఉన్నది కూడా గెజిటెడ్ అధికారి. ప్రభుత్వం ముందస్తు అనుమతి లేకుండా గెజిటెడ్ అధికారి మీద ఏ చర్యా తీసుకోకూడదు. మనం తీసుకున్నాం. ఊచల వెనక పెట్టాం. పైగా ఈ సాయంత్రం నివారించబోతున్నాం."

బయట సన్నాయి ఆగింది. కారు హారన్ వినిపించింది. పెద్ద అధికారి వచ్చారు.

కమిషనర్ గారి ముందు రెండే దారులున్నాయి. పథకం తప్పని ఒప్పుకుంటే పురస్కారం పోతుంది. ఒప్పుకోకపోతే తాను కుక్క అవుతారు. నందిమెట్ల చరిత్రలో ఏ అధికారికీ ఇంత కఠినమైన పరిస్థితి ఎదురు కాలేదు. ఆయన ఎంతోసేపు ఆలోచించలేదు.

"సదరు అధికారిని..." అని నాలుక కరుచుకున్నారు. "సదరు జంతువును తక్షణం గౌరవంగా విడుదల చేయండి. చర్యకు అనుమతి కోరుతూ ప్రభుత్వానికి రాయండి. అనుమతి వచ్చేవరకు పట్టణంలో సదరు జంతువును ఏ రూపంలోనూ, ఏ చిరునామాలోనూ ఎవరూ ముట్టుకోరాదు."

సంతకం చేసి, అప్పుడు తల ఎత్తారు. ఎందుకెత్తారో తెలియదు. భయమో, అలసటో, పటంలోంచి తననే చూస్తున్న ఆ కళ్ళో. ఎదురుగా నిలబడి ఉన్న ఆచారికి ఆయన కళ్ళు కనిపించాయి. చిన్న కళ్ళు. టీ డికాక్షన్ రంగు. ఇంటికి ఎప్పుడు వెళ్దామన్న ప్రశ్న తప్ప వాటిలో ఇంకేం లేదు. ఆచారికి ఆ క్షణాన ఆయన మీద కోపం పోయింది. ముందే ఒక్కసారి ఇటు చూసి ఉంటే సరిగ్గా వేసేవాణ్ని కదా సార్ అని అందామనుకుని, అనలేదు.

సభ బ్రహ్మాండంగా జరిగింది. పటాన్ని ఆవిష్కరించినప్పుడు పెద్ద అధికారి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయి, సర్దుకుని చప్పట్లు కొట్టారు. కమిషనర్ గారిలో ఇంత కరుణ ఉందని తమకు ఇన్నాళ్ళూ తెలియదని మైకులో చెప్పారు.

అదే సమయంలో ఆదివిష్ణు పంపు షెడ్డు తాళం తీశాడు. తీసే ముందు ఎందుకైనా మంచిదని సెల్యూట్ కొట్టాడు. బెల్లం వ్యాను వైపు చూసి, ఇంకోసారి షికారు ఉంటుందేమోనని కాసేపు ఆశపడి, లేదని తేలాక పేరిందేవి వెనకాలే ఇంటిదారి పట్టింది. గిన్నెలో రస్కు అప్పటికే నానుతోంది.

అనుమతి కోసం రాసిన ఉత్తరం పైకి వెళ్ళింది. అక్కణ్నుంచి ఇంకా పైకి వెళ్ళిందని అంటారు. జవాబు రాలేదు. అందుకని నందిమెట్లలో ఇప్పుడు కుక్కను రాయి పెట్టి కొట్టేవాడు లేడు. మిల్లు వాళ్ళ పిల్లి లాయరు గారి వంటింట్లో పాలు తాగుతుంటే లాయరు గారే అనుమతి కోసం ఎదురుచూస్తున్నారు. కిరాణా కొట్టు ముందు చిలక "ఎవరూ?" అంటే పన్నుల వాళ్ళు పేరూ హోదా చెప్పుకుంటున్నారు.

ఆచారి ఇక మీద ప్రతి ప్రాణినీ కళ్ళలోకి చూసే వేస్తానని నిశ్చయించుకున్నాడు. కానీ కొట్టుకు వచ్చేవాళ్ళు ఒప్పుకోవడం లేదు.

"అసలు కళ్ళు మాకెందుకండీ ఆచారిగారూ, అవి ఇంట్లో ఉండనే ఉన్నాయి కదా" అన్నాడు నూకరాజు కొత్త కుక్కపిల్లను ఒళ్ళో పెట్టుకుని. "ఆ కళ్ళు పెట్టండి. అవుంటే ఎవడూ చెయ్యెయ్యడు."

అదీ నిజమే. ఆచారి దీపం వెలిగించి ఆ కళ్ళే పెడుతున్నాడు. అబద్ధం వేస్తున్నానా అని ఒక్కోసారి అమ్మవారిని అడుగుతాడు. కాపాడుతున్నవి నా కళ్ళే కదా అని ఆవిడ అన్నట్టు తోస్తుంది. తనకు కావలసిన జవాబును ఆవిడ చేత తానే చెప్పించుకుంటున్నాడేమోనని కూడా తోస్తుంది.

ఒక్క పటం మాత్రం చూసి వేశాడు. చిన్న కళ్ళు, చెదిరిన కాటుక గీత, కుడి కంట్లో పొర, అన్నీ ఉన్నట్టే. పూజగదిలో అమ్మవారి పటం కింద దాన్ని పెట్టిన రోజు, మొదటి చూపు కోసం పేరిందేవి రస్కు పట్టుకుని నిలబడింది. పటం చూసేలోగా పక్కనుంచి బెల్లం ఆ రస్కు అందుకుంది. నానబెట్టకపోయినా చప్పరిస్తూ కూర్చుంది.

ఆ పటాన్ని వాళ్ళు మున్సిపాలిటీలో దాఖలు చేయలేదు.